గట్టిదనానికి కారణం హెఫర్ కావడం కాదు

టెక్సాస్‌లో రైతు వద్ద నేరుగా కొన్న మాంసం గట్టిగా, గడ్డి వాసనతో, పసుపు కొవ్వుతో ఉందనీ, పశువు హెఫర్ కావడమే కారణమా అనీ మీరు అడిగారు. హెఫర్ అంటే ఇంకా ఈనని పెయ్య, స్టీర్ అంటే చిన్నతనంలోనే విత్తులు కొట్టించిన మగది; అమెరికాలో మాంసానికి పెంచేవి ఎక్కువగా ఈ రెండే కనుక వాటి రుచిలో మనం గుర్తుపట్టేంత తేడా ఉండదు. ముసలి ఆవుల సంగతి వేరు, వయసుతో కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ బిగిసిపోతుంది.

మీ ప్రశ్నలో అసలు ఆధారం ఆ పసుపు రంగే. పచ్చగడ్డిలోని బీటా కెరోటిన్ కొవ్వులో చేరడం వల్ల ఆ రంగు వస్తుంది. చివరి నెలల్లో మొక్కజొన్న దాణా తిన్న పశువుకైతే కొవ్వు తెల్లగా ఉండి, కండ మధ్య సన్నని చారలుగా పేరుకుని, కొరికితే మెత్తగా తగులుతుంది. అమెరికాలో మాంసం నాణ్యతకు ఇచ్చే ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ శ్రేణులను ప్రధానంగా ఆ చారలను చూసే నిర్ణయిస్తారు. గడ్డి మేసిన పశువు మాంసం నాసిరకమేమీ కాదు, నాకైతే ఆ రుచే ఇష్టం.

కోసిన తర్వాత చల్లని గదిలో ఎన్ని రోజులు వేలాడదీశారో రైతును అడగండి. కండలోని ఎంజైములు పీచును సడలించడానికి రెండు వారాలైనా ఇవ్వడం మేలు. గడ్డి మేసిన పశువు మాంసంలో కొవ్వు తక్కువ కనుక స్టేక్ (మందంగా కోసిన ముక్క) త్వరగా ఉడికి ఎండిపోతుంది. ముక్క మధ్యలో వేడి 63 డిగ్రీల సెల్సియస్ రాగానే దించి, మూడు నిమిషాలు ఆగి కోయండి. కాలి కండను మాత్రం కుక్కర్‌లో వేయండి.