రెండోసారి అంటించకండి

(అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. దీపావళి ముందు వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులివి.)

ప్రశ్న: మల్కాజిగిరిలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నిరుడు పై ఫ్లాట్ వాళ్లు టెర్రస్ మీద పదివేల వాలా పెట్టారు, అర్ధరాత్రి దాకా మోతే. మా అత్తగారు గుండె జబ్బు మనిషి. అడిగితే "పండగ పూట కూడా రూల్సేనా ఆంటీ?" అన్నారు. నిజంగా రూలేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా, పండగ పూట కోసమే ఉంది. దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న తీర్పు చెప్పింది. క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికైతే రాత్రి 11.55 నుంచి 12.30 దాకా. మీ పైవాళ్ల వాలాకి అసలు ఆ టైము లెక్కే వర్తించదు. సరాలుగా కట్టిన పటాకులు తయారు చేయొద్దు, అమ్మొద్దు, కాల్చొద్దని అదే తీర్పులో ఉంది. ఎనిమిదింటికి కాల్చినా తప్పే. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల సైలెన్స్ జోన్లో మోత వచ్చేవి ఏ వేళా కాల్చకూడదు.

ఏటా పండగ ముందు పోలీసుల ప్రకటన పేపర్లో పడుతుంది. కత్తిరించి లిఫ్టు పక్కన అంటించండి. మీరు చెబితే అది గొడవ, పేపరు చెబితే రూలు. అప్పటికీ వినకపోతే 112 ఉంది. "మావి గ్రీన్ పటాకులు" అంటారేమో, డబ్బా మీద సీఎస్ఐఆర్-నీరి (గ్రీన్ పటాకుల ఫార్ములా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) గుర్తు, క్యూఆర్ కోడ్ ఉన్నాయేమో చూడండి. గ్రీన్ అంటే పొగ కొంచెం తక్కువ, అంతే. చెయ్యి మాత్రం మామూలుగానే కాలుతుంది. ఇంకోమాట, టెర్రస్ వద్దన్నారని సెల్లార్లోకి దిగనివ్వకండి. అక్కడ బండ్లుంటాయి, బండ్లలో పెట్రోలుంటుంది.

ప్రశ్న: నిరుడు చిచ్చుబుడ్డి అంటిస్తే వెలగలేదు. వంగి చూశాను, ఒక్కసారిగా ఎగిసింది. అరచెయ్యి కాలితే ఇంట్లో టూత్‌పేస్టు పూశారు. మచ్చ ఇంకా పోలేదు. ఏం చేసుండాల్సింది? (మియాపూర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వంగకుండా ఉండాల్సింది బాబూ. నేను చూసిన కేసుల్లో చాలావాటికి మూలం ఆ వంగడమే. ఒత్తి చెమ్మగా ఉంటే నిప్పు ఆరినట్టే కనిపిస్తుంది గానీ లోపల పాకుతూనే ఉంటుంది. వెలగనిదాని దగ్గరికి పోవద్దు, రెండో అగ్గిపుల్ల గీయొద్దు. కాసేపు ఆగి, దూరం నుంచే బకెట్ నీళ్లు గుమ్మరించి వదిలెయ్యాలి.

మా తమ్ముడి కొడుకు ఇంకో అడుగు ముందుకేశాడు. పండగ మర్నాడు పొద్దున్నే వీధంతా తిరిగి పేలని లక్ష్మీ బాంబులు ఏరుకొచ్చి, కాగితం చింపి, మందంతా పేపరు మీద కుప్ప పోసి అంటించాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వాడికి కనుబొమ్మల్లేవు, ఇల్లంతా కాలిన వెంట్రుకల కంపు. ఊళ్లో మంటలార్పే మనిషి ఇంట్లోనే ఈ సంబడం!

ఇక కాలినచోట టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ వద్దు. పేస్టు కింద వేడి అలాగే ఉండిపోతుంది, పైగా డాక్టరు దాన్ని గీకాల్సి వస్తుంది. కుళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి, వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసెయ్యాలి. కంట్లో మందు పొడి పడితే మంచినీళ్లతో కడగాలి. ఏదైనా గుచ్చుకుంటే నలపొద్దు, లాగొద్దు, కడగొద్దు. టీ తాగే కాగితం కప్పు కంటి మీద బోర్లించి, నొక్కకుండా పట్టుకుని, ఆ రాత్రే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికి వెళ్లాలి. ఏ దీపావళి రాత్రీ అక్కడ ఇలాంటి కళ్లు రాకుండా ఉండవు. మచ్చ సంగతి చర్మం డాక్టరుకు చూపించు.

ప్రశ్న: మా మనవరాలికి ఐదేళ్లు. కాకరపువ్వొత్తి చేతికివ్వొచ్చా?

జవాబు: మీ చెయ్యి ఆ పిల్ల చెయ్యి మీద ఉంటే ఇవ్వండి, నైలాన్ పావడా మాత్రం వద్దు, నూలు గౌను వెయ్యండి. కాకరపువ్వొత్తిలో కాల్చేది మంట కన్నా తీగ. ఆరాక నల్లగా, చల్లారినట్టే ఉంటుంది, కింద పడేస్తే తొక్కేది వెనకాల ఉత్తికాళ్లతో వచ్చే పిల్ల. ముందు నీళ్ల బకెట్ తెచ్చి పెట్టుకుని, ఆ తర్వాతే డబ్బా విప్పండి.