ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లు నిజంగా మనకంటే సంతోషంగా ఉంటారా? అసలు వాళ్లకు ఇల్లు లేకపోవడానికి కారణం ఏమిటి?

ముందు రెండో ప్రశ్న. దానికి జవాబు అందరి దగ్గరా రెడీగా ఉంటుంది: తాగుడు, బద్ధకం. తాగితే ఇల్లు పోయేమాటైతే మా కాలనీ సగం ఈపాటికి రోడ్డు మీద ఉండాలి.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎదురుగా మందుల షాపులో నైట్ డ్యూటీ చేసేవాణ్ణి. మా షట్టర్ పక్కనే పాలమూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు పడుకునేవాళ్లు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, పిలిచినవాళ్లకు మట్టి పని. చలికాలంలో ఒక రాత్రి కారులో ఒకాయన దుప్పట్లు పంచడానికి వచ్చాడు, వెంట ఫొటోలు తీసే కుర్రాడు. (ఫొటో సరిగ్గా రాలేదని దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చే దాతల గురించి విడిగా రాయాలి.) అప్పుడే భార్య ఏదో అంటే ఆ కూలీ పగలబడి నవ్వుతున్నాడు.

"ఎందుకిలా అయ్యావయ్యా, మందు అలవాటా?" అన్నాడు దాత.

"లేద్ సార్. గీడ పండుకుంటే పొద్దుగాల అడ్డా మీదికి నడిచి పోతం. ఊరవతల రూము తీస్కుంటే కిరాయికి, బస్సుకే కూలి అయిపోతది."

దాత నావైపు తిరిగి, "చూశారా, ఏ టెన్షనూ లేదు. మనకంటే వీళ్లే హ్యాపీ" అని కారెక్కాడు.

కారు కదిలిందో లేదో ఆ మనిషి కౌంటర్ దగ్గరికి వచ్చి "నిద్ర గోళీ ఉంటే ఇయ్యన్నా" అన్నాడు. గడ్డపార, ఫోను, నడుముకు కట్టుకున్న పైసలు ఎవడైనా ఎత్తుకుపోతాడని రాత్రి సగం ఆయన, సగం ఆమె కాపలా ఉంటారట. తను పడుకునే వంతు వచ్చేసరికి నిద్ర పట్టదట. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వలేనన్నాను. దోమల బత్తీ కొనుక్కుని పోయాడు.

ఇళ్లు లేనివాళ్లు పని దగ్గరే పడుకుంటారన్న సంగతి కొత్తదేం కాదు. బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో 1985లోనే సుప్రీంకోర్టు బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమని చెప్పింది. చెబుతూనే, నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ అంది!

ఇక సంతోషం. సంతోషం మీద పరిశోధన చేసే అమెరికా సైకాలజిస్టులు రాబర్ట్ బిస్వాస్-డీనర్, ఆయన తండ్రి ఎడ్ డీనర్ కోల్‌కతా మురికివాడల్లో, ఫుట్‌పాత్‌ల మీద జనాన్ని అడిగి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. మొత్తం జీవితం ఎలా ఉందంటే కాస్త అసంతృప్తే చెప్పారు, కుటుంబంలాంటి విషయాలు విడిగా అడిగితే మాత్రం బాగానే ఉందన్నారు. తర్వాత కాలిఫోర్నియాలో ఇల్లు లేనివాళ్లతో పోలిస్తే కోల్‌కతావాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. దాతలకు ఈ చివరి ముక్క ఒక్కటే గుర్తుంటుంది. నన్నడిగితే ఇందులో పెద్ద రహస్యం లేదు. అక్కడి మనిషి ఒంటరి, మావాడి పక్కన భార్య ఉంది. ఆ నవ్వు ఆమె వల్ల వచ్చింది, ఫుట్‌పాత్ వల్ల కాదు.

అందుకే నైట్ షెల్టర్‌కు పొమ్మంటే ఇలాంటి జంటలు పోరు. చాలాచోట్ల మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఇంకొకటి. గడ్డపార, తట్ట ఎక్కడ పెట్టుకోవాలి? మామూలు గది అడిగితే ఓనర్‌కు ముందు అడ్వాన్సు కావాలి, ఆధార్ జిరాక్సు కావాలి. అడ్డా పక్కనే, ఏ రోజు డబ్బు ఆ రోజు తీసుకుని, ఇద్దరికీ కలిపి ఒక గది, పనిముట్లకు తాళం వేసుకునే పెట్టె ఇచ్చే చోటు ఒకటి పెట్టండి. దుప్పట్లు వాళ్లే కొనుక్కుంటారు.