ఆటలో జోడీ కట్టాక ఆయన కోపం ఎక్కువైంది

ప్రశ్న: మాది కర్నూలు, సీ క్యాంపు. మా ఆయన బ్యాంకు ఆఫీసరుగా రిటైరయ్యారు. సాయంత్రాలు క్లబ్బులో బ్రిడ్జి ఆడతారు, నలుగురు రెండు జోడీలుగా ఆడే పేకాట అది. ఆయనతో జోడీగా ఆడే స్నేహితుడు బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోవడంతో నాకు నేర్పించి కూర్చోబెట్టుకున్నారు. ఆట నాకూ నచ్చింది. కానీ ఒక్క ముక్క తప్పు వేస్తే చాలు, అందరి ముందే ‘బుర్ర వాడవా?’ అంటారు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా అదే గొడవ. సాయంత్రం నాలుగైతే నాకు గుండెదడ మొదలవుతోంది. మానేస్తానంటే ‘మరి నాకెవరు దిక్కు?’ అంటారు. పైగా మా వియ్యపురాలు ‘మొగుడూ పెళ్లాం ఇద్దరూ పేకాటేనా’ అని నవ్విందట. ఏం చేయమంటారు?

జవాబు: ఆట మానొద్దమ్మా. మానాల్సింది ఆయనతో జోడీ కట్టడం, కనీసం కొన్నాళ్లు.

బ్రిడ్జిలో ఎదురుగా కూర్చున్న మనిషే మన జోడీ. కానీ ఆట మొదట్లో ఆ మనిషి చేతిలోని 13 ముక్కలు మనకు కనిపించవు. ఏముందో చెప్పుకోవడానికి కాల్ చెప్పడం (ముక్కలు వేసే ముందు వంతులవారీగా పాట పాడడం), ముక్క వేయడం తప్ప దారి లేదు. ముఖం చిట్లించినా, గొంతు మార్చి కాల్ చెప్పినా తప్పే. పెద్ద పోటీల్లో జోడీల ముఖాలు ఒకరికొకరు కనబడకుండా బల్ల మీద అడ్డుతెర పెడతారు. ఇంట్లో ఆయన దగ్గితే చాలు, కాఫీ కావాలని మీకు తెలుస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు అదే అలవాటైంది. బల్ల దగ్గర మీరు వేరే ముక్క వేస్తే ‘ఆట తప్పింది’ అని కాక ‘నా మనసు దీనికి అర్థం కాలేదు’ అని ఆయనకు తోస్తుంది. కోపం అక్కడి నుంచి వస్తోందని నా అనుమానం. ఆఫీసులో గదమాయించడానికి కింది ఉద్యోగులు ఉండేవారు, ఇప్పుడు మీరొక్కరే మిగిలారన్నది కూడా కొట్టిపారేయలేం.

ఇంకో సంగతి. ఆట ముగిసేసరికి 52 ముక్కలూ బయటపడతాయి. ఇస్పేటు రాజు ఎవరి దగ్గరుందో తెలిశాక ఎవరైనా పండితుడే. తెలియనప్పుడు మీరు సరిగ్గానే ఆలోచించి వేసినా పట్టు (నలుగురూ తలా ఒక ముక్క వేసే ఒక రౌండు) పోవచ్చు. ఓడిన ప్రతిసారీ తప్పు మీదే కానక్కర్లేదు. ఇది మీరు నమ్మాలి ముందు.

మాట్లాడాల్సింది ఆట ముగిసిన రాత్రి కాదు. మర్నాడు పొద్దున, పేపరు చదవడం అయ్యాక చెప్పండి: ‘ఆట నాకిష్టం. నలుగురిలో బుర్ర లేదనిపించుకోవడం ఇష్టం లేదు. కొన్నాళ్లు నేను వేరే వాళ్లతో ఆడతాను, మీరు వేరే వాళ్లతో ఆడండి.’ ఆయన ‘నాకెవరు దిక్కు’ అన్నదాంట్లో నిజమైన భయం ఉంది. ఉద్యోగం పోయాక సాయంత్రం నలుగురితో కూర్చునే చోటు అదొక్కటే. నాలుగో మనిషి లేకపోతే ఆటే లేదు. కాబట్టి కొత్త జోడీని వెతకడంలో మీరూ సాయం చేయండి. ఆ కొత్త మనిషితో ‘బుర్ర వాడవా’ అంటారేమో గమనించండి. అనకపోతే ఆయనకు కోపం ఆపుకోవడం వచ్చని తేలినట్టే. ఆ మాట మెల్లగా ఆయనకే చెప్పొచ్చు.

మళ్లీ జోడీ కడితే ఒక షరతు పెట్టండి. అయిపోయిన ఆట గురించి బల్ల దగ్గర మాట లేదు, అన్నం దగ్గర అసలే లేదు. మర్నాడు మీరు అడిగితేనే నలుగురి చేతుల్లోని ముక్కలూ కాగితం మీద రాసుకుని, ‘ఇక్కడ నువ్వేమనుకుని వేశావు?’ అని ఆయన మొదలుపెట్టాలి.

1929లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో బ్రిడ్జి ఆడుతూ ఒక భర్త ఆట పోగొట్టాడు. మాటా మాటా పెరిగి భార్యను చెంపమీద కొట్టాడు. ఆమె తుపాకీ తీసి కాల్చేసింది. 1931లో కోర్టు ఆమెను నిర్దోషి అని వదిలేసింది. మీ ఆయనకు ఈ కథ చెప్పండి, నవ్వుతూనే చెప్పండి.

గుండెదడ మాత్రం నవ్వుకునేది కాదు. టెన్షన్ వల్లే అని మీకు మీరే తేల్చుకోకుండా ఒకసారి డాక్టరుకు చూపించి, బీపీ కూడా చూపించుకోండి. ఆట లేని రోజుల్లో, వంటలోనో ఖర్చులోనో కూడా ఆయన ఇలాగే కించపరుస్తుంటే గొడవ బ్రిడ్జిది కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి. ఆయన రాకపోతే మీరొక్కరే వెళ్లండి.

వియ్యపురాలి సంగతి చిన్నది. డబ్బు పెట్టి ఆడుతున్నారా? లేదంటే దాచాల్సిందేమీ లేదు. 2018 ఆసియా క్రీడల్లో బ్రిడ్జిలో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. గెలిచిన జోడీలో ప్రణబ్ బర్ధన్‌కు అప్పుడు 60 ఏళ్లు. ఆ ముక్క ఆవిడ చెవిన వేయండి. డబ్బు పెడుతున్నారంటే, ఎంత పెడుతున్నారో ముందు మీరు తెలుసుకోండి.

ఈ జవాబు మీ ఆయనకు చూపించడం మీ ఇష్టం. చూపిస్తే క్లబ్బుకు బయల్దేరే ముందు మాత్రం వద్దు.