నాలుగు రోజుల్లో కొండలకి బయల్దేరాలి, పిల్లలు పెద్దవాళ్ళతో ఎలా ప్లాన్ చేయాలి?

మీ ప్రశ్న చదువుతుంటే మా ఇల్లే కళ్ళముందు కనిపించిందండి. ఐదు రోజులు సెలవు కలిసొచ్చింది, బయల్దేరడానికి నాలుగు రోజులే ఉంది, ఎనిమిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, అరవై దాటిన మీ అమ్మగారు, ఇంతమందితో కొండల్లో నడవాలి, ఏ చోటు మంచిది, ఏమేం కొనాలి అని అడిగారు. చోటు పేరు నేను చెప్పను, మీరెక్కడుంటారో తెలీకుండా చెప్తే అది సలహా కాదు. కానీ చోటు ఎలా ఎంచుకోవాలో మాత్రం చెప్తా, ఎందుకంటే మేం ఆ పని తలకిందులుగా చేసి ఒక రాత్రంతా జాగారం చేశాం.

మాదీ ఇలాగే సడన్‌గా అనుకున్న ప్రయాణమే. మా ఆయన రాత్రి పదకొండింటికి ఫోన్లో ఒక సరస్సు ఫోటో చూపించాడు, నీలంగా, చుట్టూ మంచు కొండలు, ఇక అంతే. దూరపు కొండలు నునుపు అన్నవాళ్ళు ఈ ఫోన్లు చూళ్ళేదు, చూసుంటే ఇంకా గట్టిగా చెప్పేవాళ్ళు. ఆ సరస్సు దారిలో కింది ఊళ్ళో రూములన్నీ నిండిపోయాయి, పై ఊళ్ళో ఒకటి ఖాళీగా ఉంది, మేం అదృష్టం అనుకుని వెంటనే డబ్బు కట్టేశాం. ఆ పై ఊరు 3,200 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ అంకె బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు, మేం అడగనూ లేదు. పొద్దున్న ఇంట్లో లేచాం, సాయంత్రానికి అక్కడున్నాం.

దిగిన కాసేపు అందరం హుషారుగానే ఉన్నాం, ఫోటోలు కూడా తీసుకున్నాం. రాత్రి పదింటికి మా అత్తయ్యకి తలనొప్పి మొదలైంది, ప్రయాణం బడలిక అనుకున్నారావిడ. అర్ధరాత్రి మా చిన్నాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, దారిలో తిన్నది పడలేదేమో అనుకున్నాం. మూడింటికి కూడా ఎవరం పడుకోలేదు. రూములు చూసుకునే పెద్దాయన లైటు చూసి వచ్చి "ఇది తిండి వల్ల కాదమ్మా, ఎత్తు వల్ల. తెల్లారగానే దించేయండి, ఈలోగా ఎక్కువైతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు" అన్నాడు. వెలుతురు రాగానే జీపు మాట్లాడుకుని 1,900 మీటర్ల దగ్గరున్న ఊరికి దిగాం. మధ్యాహ్నానికి వాడే ఆకలి అన్నాడు, అత్తయ్యకి తల తేలికపడింది. ఆ సరస్సుని మాత్రం ఇప్పటికీ ఫోటోలోనే చూస్తున్నాం.

అందుకే చెప్తున్నా, రూమ్ బుక్ చేసే ముందు ఆ ఊరు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చూడండి. రేటు, రేటింగు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, అవన్నీ దాని తర్వాత. మ్యాప్ యాప్‌లో ఎత్తు గీతలు ఉంటాయి, లేదా ఊరి పేరు కొట్టి వెతికినా తెలిసిపోతుంది, రెండు నిమిషాల పని. మామూలుగా 2,500 మీటర్లు దాటినచోట పడుకుంటే ఈ ఇబ్బంది మొదలవ్వచ్చు. 3,000 మీటర్ల దగ్గర కూడా గాల్లో ఆక్సిజన్ అదే 21 శాతం, కానీ గాలి ఒత్తిడి తగ్గిపోవడం వల్ల ఒక్కో శ్వాసకి మనకి అందేది సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 70 శాతమే. ఒంటికి అలవాటు పడ్డానికి రోజులు కావాలి, లాస్ట్ మినిట్ ట్రిప్‌లో లేనివే ఆ రోజులు. బలంగా ఉన్నవాళ్ళకి రాదు ముసలివాళ్ళకే వస్తుంది అనేది కూడా తప్పు, రోజూ పరిగెత్తే మా ఆయనకీ ఆ రాత్రి తల పగిలిపోయింది, పైకి చెప్పలేదంతే.

ఇంకో చిక్కేంటంటే ఇది వెళ్ళగానే రాదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత వస్తుంది, అంటే సరిగ్గా అందరం పడుకునే టైమ్‌కి. మీ బాబు వయసు పిల్లలు తల నొప్పిగా ఉందని సరిగ్గా చెప్పలేకపోవచ్చు కూడా, ఊరికే పేచీ పెడతారు, అన్నం వద్దంటారు, ఆడుకోరు, మనం మారాం అనుకుంటాం. కొత్తగా ఎత్తుకి వెళ్ళిన మొదటి రోజు పిల్లలు అలా ఉంటే ఎత్తే కారణం అనుకోవడం మంచిది. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్ళకూడదు, ఎక్కువవుతుంటే దిగిపోవాలి, మామూలుగా 300 నుంచి 1,000 మీటర్లు దిగితే తేడా తెలుస్తుంది. నడక తూలినా, మాట తికమకగా వచ్చినా, కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా అర్ధరాత్రి అయినా సరే దించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, అందులో ఇంకో ఆలోచన లేదు. దీనికి ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది గానీ సల్ఫా మందులు పడనివాళ్ళుంటారు, అమ్మగారు బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే అదీ చూడాలి, కాబట్టి ఎవరో చెప్పారని కొనకుండా ఈ నాలుగు రోజుల్లోనే ఒకసారి ఆవిడ డాక్టర్‌ని అడగండి.

ఐదు రోజులే కాబట్టి నేనైతే 2,000 మీటర్ల లోపు ఒక ఊరు పట్టుకుని అన్ని రాత్రులూ అక్కడే ఉంటా. పగలు కాస్త పైకి వెళ్ళి సాయంత్రానికి దిగిపోవచ్చు, పడుకునే ఎత్తుతోనే ఎక్కువ గొడవ. రోజుకో ఊరు మారితే బ్యాగులు సర్దడానికే సగం సెలవు పోతుంది, పైగా నాలుగు రోజుల ముందు నాలుగు చోట్ల రూములు దొరకడం కల్ల. పేరున్న లోయలో దొరక్కపోతే దాని పక్క లోయ చూడండి, కొండలు రెండు వైపులా ఉంటాయి, ఫోటోలు ఒకవైపే తీస్తారు. కొన్ని పార్కుల్లో రోజుకి ఇంతమందే అని పర్మిట్లు ఉంటాయి, అది డబ్బు కట్టకముందే చూసుకోండి. రూమ్ వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు వేడినీళ్ళున్నాయా అని అడగడంతో ఆపకుండా ఇప్పుడు దారి ఎలా ఉంది, వంతెనలు బాగున్నాయా, పైన మంచు కరిగిందా, మీ ఇంట్లో పిల్లల్ని ఏ దారిలో తీసుకెళ్తారు అని అడగండి. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు, మాకు ఆ ట్రిప్‌లో అన్నిటికన్నా మంచి నడక అలా దొరికిందే.

ఇక ఎంత నడవగలరు అన్నది. విలియం నైస్మిత్ అని స్కాట్లాండ్‌లో కొండలెక్కే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ చాలామంది అదే వాడతారు: 5 కిలోమీటర్లకి ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 8 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎక్కుడు అనుకోండి, రెండు గంటల నలభై నిమిషాల లోపు వస్తుంది. చూడ్డానికి చిన్నగానే ఉంది కదా, కానీ అది గట్టి కాళ్ళున్నవాళ్ళు ఎక్కడా ఆగకుండా నడిస్తే. ఐదేళ్ళ పిల్లాడుంటే నేను దాన్ని రెండింతలు చేసి, తిండికి, రాళ్ళు ఏరుకోవడానికి, చెప్పులో ఇసుక పడిందనే గొడవకి ఇంకో గంటంపావు కలుపుతా. అలాంటి దారే మాకు ఆరున్నర గంటలు పట్టింది, చివరి గంట మా ఆయన భుజాల మీద వాడు నిద్రపోయాడు. మీకు మొదటి రోజు 4, 5 కిలోమీటర్లు, ఎక్కుడు 200 మీటర్ల లోపు ఉండే దారి చాలు. పాప ఇంకా నడుస్తానంటుంది, నడవనివ్వండి, రెండో రోజు పెంచుకోవచ్చు.

మీ అమ్మగారి విషయంలో ఎక్కడం కన్నా దిగడం గురించి ఆలోచించండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. దిగేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీద పడుతుంది, అది ఆ రోజుతో పోదు. రెండు చేతికర్రలు, అదే ట్రెక్కింగ్ పోల్స్, డబ్బులు దండగ అనుకున్నా గానీ మా అత్తయ్య ఆ మూడు రోజులూ వాటిని వదల్లేదు. చుట్టూ తిరిగొచ్చే దారి కాకుండా వెళ్ళిన దారినే వెనక్కి వచ్చేది ఎంచుకుంటే ఇంకా మేలు, ఎవరికి ఓపిక అయిపోయినా ఒక పెద్దవాళ్ళు తోడుండి అక్కడే కూర్చోవచ్చు, మిగతావాళ్ళు వెళ్ళొచ్చి కలుస్తారు. ఆవిడ్ని ఒక్కరినే మాత్రం కూర్చోబెట్టి వెళ్ళకండి. నడిచేటప్పుడు అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి, మా ఇంట్లో మొదట్లో ఆయన ముందు పరిగెత్తి ఒక రాయి మీద కూర్చుని మాకోసం చూసేవాడు, మేం ఆయాసపడుతూ చేరగానే "సరే పదండి" అని లేచేవాడు, అంటే రెస్ట్ ఆయనకే తప్ప మాకు లేదు, దీని మీద మా ఇద్దరికీ ఒక మంచి గొడవ కూడా అయింది.

పొద్దున్నే బయల్దేరండి, వీలైతే ఆరింటికే. ఎండాకాలంలో చాలా కొండల్లో పొద్దున్న ఆకాశం అద్దంలా ఉండి మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకుని ఉరుములు మొదలవుతాయి, మంచు కరిగి వచ్చే వాగులు కూడా పొద్దున్న తక్కువగా ఉండి మధ్యాహ్నానికి పెరుగుతాయి, వెళ్ళేటప్పుడు చీలమండ దాకా ఉన్న నీళ్ళు వచ్చేటప్పుడు మోకాలి దాకా ఉండొచ్చు. మెరుపు కనబడ్డాక 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే పిడుగు మీ దాకా వచ్చేంత దగ్గర్లో ఉన్నట్టే, శిఖరం మీద, గట్టు అంచున, ఒంటరి చెట్టు కింద ఉండకుండా దిగిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు. అసలు ఇంటి దగ్గరే ఒక టైమ్ అనుకోండి, ఉదాహరణకి పదకొండున్నర, ఆ టైమ్‌కి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగడమే. పైకి చేరేదాకా ఇంకో పది నిమిషాలే అని ఎవరో ఒకరు అంటారు, మా ఇంట్లో అయితే మా ఆయనే.

బట్టలు, సామాను గురించి ఎక్కువ ఖంగారు పడకండి. వెదర్ యాప్ చూపించే వేడి కింద ఊరిది, ప్రతి 1,000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, 1,000 మీటర్ల ఊళ్ళో 24 డిగ్రీలుంటే 2,500 మీటర్ల దగ్గర 14 ఉంటుంది, గాలి వీస్తే ఇంకా చలి. ఒంటికి ఆనుకునే బట్ట కాటన్ వద్దు, చెమటకో వానకో తడిస్తే ఆరదు, తడిబట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఆటలకి వేసుకునే పాలిస్టర్ టీషర్టులు ఇంట్లో ఉంటాయిగా, అవి చాలు, పైన ఒక స్వెటర్, దానిపైన వానకోటు. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అల్ట్రావయొలెట్ కూడా ప్రతి 1,000 మీటర్లకి సుమారు 10 శాతం పెరుగుతుంది, చల్లగా ఉంది కదా అని టోపీ తీసేస్తారు పిల్లలు, సాయంత్రానికి ముక్కులు ఎర్రగా కందిపోతాయి. కొత్త బూట్లు మాత్రం వద్దు, అరిగిపోని పాత స్పోర్ట్స్ షూస్‌తో ఆ చిన్న దారులు నడవచ్చు. కొనక తప్పదంటే ఈరోజే కొని రేపట్నుంచి ఇంట్లో, మెట్ల మీద వేయించి తిప్పండి. మడమ దగ్గర మంటగా ఉంది అన్న నిమిషమే ఆగి టేపు వేయాలి, బొబ్బ లేచాక చేసేదేం ఉండదు.

హెడ్ టార్చి ఒకటి, ఫస్ట్ ఎయిడ్, ఆఫ్‌లైన్ మ్యాప్ ఫోన్లో దించుకోవడం, ఇవి మీకూ తెలిసినవే. సిగ్నల్ లేనిచోట ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో రూమ్ వాళ్ళకి చెప్పి వెళ్ళండి. పిల్లలిద్దరి మెళ్ళో చెరో విజిల్ వేయండి, తప్పిపోతే వెతుక్కుంటూ తిరక్కుండా ఉన్నచోటే ఒక చెట్టు పట్టుకుని కూర్చుని ఊదాలి అని నేర్పండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు, ఇది కొండల్లో సాయం కావాలి అనే గుర్తు, విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. మా ఇంట్లో నేర్పిన రోజంతా చెవులు పోయాయి, అది వేరే సంగతి.

పిల్లలకి శిఖరం అక్కర్లేదండి. కిందకి దిగొచ్చాక మిగిలిన మూడు రోజులూ మేం ఒకే వాగు వెంబడి తిరిగాం, మా పెద్దది రాళ్ళతో ఆనకట్టలు కట్టింది, చిన్నాడు వాటిని కూలగొట్టాడు, ఎంత దూరం నడిచారో వాళ్ళకే తెలీలేదు. కాబట్టి దారి ఎంచుకునేటప్పుడు చివర్లో వ్యూపాయింట్ ఉందా అని కాకుండా మధ్యలో నీళ్ళు, గుహలాంటి రాళ్ళు, వంతెన ఏదైనా ఉందా అని చూడండి. వాళ్ళ బ్యాగులో వాళ్ళ నీళ్ళ సీసా, వానకోటు తప్ప ఏం పెట్టొద్దు, గంట తర్వాత అదీ మీ భుజానికే వస్తుంది.

ఆ, మర్చిపోయా. బయల్దేరే ముందురోజు రాత్రి అందరి కాలిగోళ్ళు కత్తిరించండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుకి గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి, మా ఆయనకి ఇంకా ఒకటి పూర్తిగా రాలేదు.