సైన్స్ ఫిక్షన్ రాసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు సైన్స్ ఫిక్షన్ నవలలు అచ్చయ్యాయి, మూడోది డిటెక్టివ్ నవల రాయాలని ఉంది, ఆ తర్వాత ఒక హారర్, ఒక చారిత్రకం. పబ్లిషరేమో "మళ్ళీ అలాంటిదే ఇవ్వండి, లేకపోతే పాఠకులు అయోమయపడతారు" అంటున్నారు. ఏం చెయ్యమంటావు అత్తయ్యా అని అడిగావు.

రాయి నాయనా, అన్నీ రాయి. కాకపోతే ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ప్రతి జానరూ మొదటి పేజీల్లోనే పాఠకుడికి ఒక మాట ఇస్తుంది. నువ్వు జానర్ మార్చావని పాఠకులు దూరం కారు, ఇచ్చిన మాట తప్పావని దూరమవుతారు. ఆధారాలన్నీ మీ కళ్ళెదుటే పెడతాను అని డిటెక్టివ్ నవల మాట ఇస్తుంది. సైన్స్ ఫిక్షన్ ఇచ్చే మాట నీకు తెలిసిందే: ఒక్క ఊహని ఒప్పుకోండి, ఆ తర్వాత జరిగేదంతా దానికి కట్టుబడే జరుగుతుంది.

ఈ రెండు మాటల్నీ ఒకే పుస్తకంలో నిలబెట్టుకోవడం ఎలాగో చూడాలంటే, చేతిలో పెన్సిల్ పట్టుకుని ఐజాక్ అసిమోవ్ 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' (1954) చదువు. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదని సైన్స్ ఫిక్షన్ పత్రిక ఎడిటర్ జాన్ క్యాంప్‌బెల్ వాదన. చిక్కు వచ్చినప్పుడల్లా భవిష్యత్తు డిటెక్టివ్ జేబులోంచి ఒక కొత్త యంత్రం తీస్తే, ఇక పాఠకుడు ఊహించడానికి ఏం మిగులుతుంది? న్యాయమైన అభ్యంతరమే. అందుకే అసిమోవ్ ఆ లోకపు నియమాలన్నీ ముందే బయటపెట్టేశాడు. మనుషులు పైకప్పు కింద ఉండే మహానగరాల్లో పుట్టి పెరిగినవాళ్ళు, ఆరుబయట నడవాలంటేనే వాళ్ళకి వణుకు. హత్య జరిగిన చోటికి ఎవరి కంటా పడకుండా చేరాలంటే ఆ ఆరుబయలే దాటాలి. రోబో దాటగలదు, కానీ మనిషికి హాని చెయ్యడం దాని తయారీలోనే కుదరదు. చంపగలిగినవాడు నడవలేడు, నడవగలిగినది చంపలేదు. ఆ లోకాన్ని తీసేస్తే అసలు చిక్కుముడే లేదు. పరిష్కారం చెప్పను, చదువుకో.

ఇప్పుడు నువ్వు పంపిన ప్లాన్ చూద్దాం. జ్ఞాపకాలు అమ్ముకునే నగరం ఒకటుంది, అందులో ఒక హత్య ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కానీ ఒకదానికొకటి సంబంధం లేదు. ఆ హత్య ఏ కాలంలో జరిగినా ఇలాగే జరుగుతుంది. అదే, హత్య చూసిన మనిషి ఆ జ్ఞాపకాన్ని అమ్మేసి ఉంటే? కొన్నవాడు నిజాయితీగా "నేను కళ్ళారా చూశాను" అని సాక్ష్యం చెబితే? ఆ సమయంలో అతను వేరే ఊళ్ళో ఉన్నాడని తేలితే? నీ కథ అక్కడ మొదలవుతుంది. అయితే అమ్మిన జ్ఞాపకం అమ్మినవాడి దగ్గర మిగలదన్న నియమం మొదటి మూడు అధ్యాయాల్లోనే, హత్యతో సంబంధం లేని చోట, పాఠకుడికి తెలిసిపోవాలి. అప్పు తీర్చడానికి తన పెళ్ళిరోజుని అమ్ముకున్న ముసలాయన ఒకడు, భార్య ఫొటోలు చూపిస్తుంటే పరాయివాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టు మర్యాదగా తలూపుతాడనుకో. అరపేజీ చాలు. నియమం చెప్పావని ఎవరికీ తోచదు, చివర్లో మోసం చేశావని ఎవరూ అనరు.

మూడో నవలని ఇలా భవిష్యత్తులోనే పెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పుడున్న పాఠకులు నీ వెంటే వస్తారు, డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు కొత్తగా చేరతారు. పబ్లిషర్ భయం కూడా సగం తీరుతుంది. రోబోలూ రాకెట్లూ లేని నవల నాలుగోదో ఐదోదో కానివ్వు.

హారర్ దగ్గరికొచ్చేసరికి నీకున్న మంచి అలవాటే అడ్డం పడుతుంది. ప్రతిదానికీ కారణం చెప్పడం మనకి అలవాటు. కారణం తెలిసిన మరుక్షణం భయం సగం చస్తుంది. నవల రాసేముందు హారర్ కథలు కొన్ని రాసి, వివరించిన వాక్యాలన్నీ కొట్టేసి చూడు, ఎంత మిగిలిందో. చారిత్రకం నీకు అంత కష్టం కాదు. ఒక కబురు చేరడానికి ఎన్నాళ్ళు పట్టేది, రాత్రిపూట గదిలో ఎంత వెలుతురు ఉండేది, గాయమైతే ఏం చేసేవాళ్ళు, ఇలాంటివి ఆలోచించడం నీకు చేతనైన పనే. అక్కడ నియమాలు నువ్వు పెట్టేవి కావు, వెతికి తెచ్చుకోవాల్సినవి. తేడా అంతే.

నీలాగే జానర్లు మారుస్తూ రాసినవాడు డాన్ సిమన్స్. అతని మొదటి నవల 'సాంగ్ ఆఫ్ కాళి' (1985) హారర్. 1989లో వచ్చిన 'హైపీరియన్' సైన్స్ ఫిక్షన్, దానికి సైన్స్ ఫిక్షన్ పుస్తకాలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. 2007లో 'ది టెర్రర్' రాశాడు. 1845లో ఆర్కిటిక్ వైపు బయల్దేరి తిరిగిరాని నావికుడు జాన్ ఫ్రాంక్లిన్ నౌకల కథ అది. మంచు మీద వేటాడే జీవి అందులో ఉంది, కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఓడలో పాడైపోతున్న డబ్బాల తిండి. చరిత్ర ఇచ్చిన వివరమే హారర్ పని చేసిపెట్టింది.

కలం పేరు మార్చుకోవాలా అని అడిగావు. ఇయాన్ బ్యాంక్స్ 1984లో సైన్స్ ఫిక్షన్ కాని 'ది వాస్ప్ ఫ్యాక్టరీ' నవలతో మొదలుపెట్టాడు. 1987లో సైన్స్ ఫిక్షన్ నవల వేసినప్పుడు పేరు మధ్యలో 'ఎం' చేర్చి ఇయాన్ ఎం. బ్యాంక్స్ అయ్యాడు. దాచిందేమీ లేదు. అట్ట చూడగానే ఏ రకం పుస్తకమో పాఠకుడికి తెలిసిపోతుంది, ఇష్టమైతే రెండోవైపూ వస్తాడు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. పూర్తిగా దాచిన పేరుతో రాస్తే పాఠకుల్ని మళ్ళీ మొదటినుంచి సంపాదించుకోవాలి. నెత్తుటి కథలూ పిల్లల కథలూ రెండూ రాస్తే తప్ప ఆ అవసరం రాదు.

కొన్ని ప్రయత్నాలు అమ్ముడుపోవు, అది కూడా తెలుసుకో. సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ రోబోలు లేని మామూలు మనుషుల నవలలు చాలా రాశాడు. 1982లో ఆయన పోయేనాటికి వాటిలో అచ్చయింది ఒక్కటే, అదీ 1975లో. మిగతావి ఆయన తదనంతరం వచ్చాయి. తిరిగొచ్చిన రాతప్రతిని చించెయ్యకు. తేదీ వేసి దాచు.

చివరగా ఒప్పందం మాట. సైన్స్ ఫిక్షన్ మాత్రమే రాసేవాళ్ళకి పెద్దగా తగలని క్లాజు ఒకటి నీకు గట్టిగా తగులుతుంది. "రచయిత తదుపరి రచనని మొదట మాకే చూపించాలి" అని ఉంటుంది. అలా వదిలేస్తే నీ చారిత్రకం కూడా, ఆ జానర్ ఎప్పుడూ వెయ్యని వాళ్ళ బల్ల మీదే నెలల తరబడి పడి ఉంటుంది. "తదుపరి సైన్స్ ఫిక్షన్ నవల" అని మార్పించు. ఈ పుస్తకంతో పోటీపడే రచన ఇంకెక్కడా వెయ్యకూడదు అన్న క్లాజు ఉంటే, పోటీ అంటే ఏమిటో కాగితం మీద రాయించు. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు దేనికది విడిగా ఉండాలి. పుస్తకం మార్కెట్లో దొరకడం మానేస్తే హక్కులు ఎన్నాళ్ళకి నీకు తిరిగొస్తాయో అంకె వెయ్యమను. ఇవన్నీ అడిగితే ఎవరూ కోప్పడరు, అడుగుతారనే వాళ్ళూ అనుకుంటారు.

ఒప్పందం వచ్చాక సంతకం పెట్టకుండా ముందు నాకు పంపు. దాంతోపాటే ఆ ముసలాయన అధ్యాయం కూడా.

ప్రేమతో,
అత్తయ్య