కొండంతా ఒకేసారి రాయకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. చైనాలోని నాన్‌జింగ్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చదువుకోడానికి వెళ్లిన ఊళ్లో, నగరంలోనే ఉన్న అంత పెద్ద కొండ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను.

జిజిన్ షాన్ కొండ మొత్తాన్ని నాలుగు పేజీల్లో పెట్టేయాలని చూశావు. మింగ్ వంశపు చక్రవర్తి సమాధి, చైనా గణతంత్రానికి పునాది వేసిన సన్ యట్‌సేన్ స్మారకం, లింగు ఆలయం, వేధశాల, 448 మీటర్ల శిఖరం, అన్నీ వచ్చాయి. ప్రతిదానికీ ‘అద్భుతం’, ‘మనోహరం’ అని తగిలించావు. చదవడం అయిపోయాక నా కళ్ల ముందు ఒక్క రాయి కూడా నిలవలేదు.

ఈసారి ఒక్క దారి పట్టుకో. మెట్రోలో షియామాఫాంగ్ స్టేషన్‌లో దిగానన్నావు కదా, ఆ పేరు తెచ్చిన రాతి తోరణం అక్కడికి దగ్గర్లోనే ఉంది. అధికారులందరూ గుర్రం దిగాలని దాని మీద చెక్కారు. సమాధి ఇంకా ఎంతో దూరం ఉండగానే చక్రవర్తికి మర్యాద మొదలైపోయేది. ఆ పక్కనుంచే వెళ్లి కూడా నువ్వు దాని ఊసెత్తలేదు.

అక్కణ్నుంచి, సమాధికి వెళ్లే రాతి ఏనుగుల దారికి వెళ్లు. రెండు పక్కలా రాతి జంతువులుంటాయి. సింహం, మంచిచెడ్డలు తేల్చే ఒంటికొమ్ము పురాణ జంతువు షియెజి, ఒంటె, ఏనుగు, చైనా పురాణాల్లోనే కనిపించే చిలిన్, గుర్రం. ఒక్కో రకానికి నాలుగు చొప్పున మొత్తం 24. ప్రతి రకంలో ఒక జత కూర్చుని ఉంటుంది, ఒక జత నిలబడి ఉంటుంది. నువ్వు ‘ఎన్నో జంతు శిల్పాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏనుగు దగ్గర అరగంట ఆగు. మోకాలి దగ్గర చర్మం ముడతలను శిల్పి పట్టించుకున్నాడా? ఆరు వందల ఏళ్ల వానకి ఏ అంచు అరిగింది? చేతులు తగిలి తగిలి నున్నబడిన చోటేది? మన గుళ్లలో చెక్కిన ఏనుగులకు మెడలో గంటలు, వీపు మీద అంబారీ చూస్తూ పెరిగావు. వీటికి అలాంటివి ఉన్నాయా? తెలుగు పిల్లవి కాబట్టే నీకు తట్టే ప్రశ్న ఇది, వదులుకోకు. శరదృతువులో ఆకులు రంగు మారినప్పుడు అక్కడ ఫొటోల కోసం జనం విరగబడతారు. పనిరోజు పొద్దున్నే వెళ్లు.

గుర్రాలు దాటగానే దారి ఉత్తరానికి మలుపు తిరుగుతుంది. చైనాలో చక్రవర్తుల సమాధులకు వెళ్లే దారి మామూలుగా తిన్నగా ఉంటుంది. ఇది ఎందుకు వంగింది? మధ్యలో మెయ్‌హువా గుట్ట అడ్డం ఉంది. మూడో శతాబ్దంలో రాజ్యమేలిన సన్ క్వాన్‌ని అక్కడే పాతిపెట్టారంటారు. గుట్ట తవ్వేద్దామన్నవాళ్లతో, అతనూ మగాడే, నా వాకిలికి కాపలా ఉండనివ్వండి అని మింగ్ చక్రవర్తి జు యువాన్‌జాంగ్ అన్నాడని కథ. కథని కథగానే రాయి. చివర ‘అంటారు’ అన్న మాట మాత్రం తీసేయకు. సమాధి కట్టడం 1381లో మొదలైందనేది చరిత్ర. రెండింటినీ ఒకే గొంతుతో చెబితే పాఠకుడు రెండింటినీ నమ్మడు.

సన్ యట్‌సేన్ స్మారకం దగ్గర 392 మెట్లు ఎక్కి కాళ్లు నొప్పెట్టాయని రాశావు. పైకెళ్లాక వెనక్కి తిరిగి చూశావా? కిందనుంచి చూస్తే అన్నీ మెట్లే. పైనుంచి చూస్తే మెట్లు మాయమై, మధ్యమధ్య ఉన్న చప్టాలే కనిపిస్తాయి. అది కావాలని చేసిన పని. ఆ నమూనా గీసిన ల్యూ యాన్‌జి 1925లో పోటీలో గెలిచి, 35 ఏళ్లు నిండకుండానే 1929 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది జూన్ 1న సన్ యట్‌సేన్‌ని అక్కడ ఖననం చేసేనాటికి ఆయన లేడు. ఇది తెలిశాక ఆ మెట్ల గురించి నీ వాక్యం ఎలా మారుతుందో చూడాలని ఉంది నాకు.

ఇంకొకటి. నీ వ్యాసంలో మనుషుల్లేరు. ఆ కొండ చూడ్డానికి వచ్చేవాళ్లకంటే దాన్ని రోజూ వాడుకునేవాళ్లే దానికి అసలు సొంతదారులు. పొద్దున్నే నడకకొచ్చే రిటైరైన పెద్దల్ని చూడు. భాష సరిగా రాదని టెన్షన్ పడకు. చేతిలో ఏం పట్టుకొచ్చారు, ఏ మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటారు, ఎవరితో మాట కలుపుతారు, ఇవి రాయడానికి నీ కళ్లు చాలు.

వేధశాలని మాత్రం ఈ వ్యాసంలోంచి తీసెయ్. అక్కడున్న మింగ్ కాలపు ఖగోళ యంత్రాన్ని 1900లో విదేశీయుల మీద చైనాలో లేచిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత జర్మన్లు బీజింగ్ నుంచి ఎత్తుకుపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అంత సంగతిని రెండు లైన్లలో నలిపేయడం అన్యాయం. దాన్ని విడిగా రాద్దువుగాని.

ఫిబ్రవరి చివర్లో మెయ్‌హువా గుట్ట మీద పూలు మొదలవుతాయి, ఇక అక్కడ నిలబడే చోటుండదు. ఈలోపే ఒకసారి వెళ్లొచ్చి, తిరగరాసి పంపు. నాలుగు పేజీలు రెండైనా ఫర్వాలేదు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు