కాపీరైటు విధానం: సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని ఇప్పుడు బరంపురంలో ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కోర్టులో వాదించడం కంటే చట్టాలు తయారయ్యే చోట, ముఖ్యంగా కాపీరైటు విధానం మీద ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేయాలని ఉంది. మా నాన్నగారు మాత్రం "ప్రభుత్వ ప్లీడరంటే కోర్టులో సర్కారు తరఫున నిలబడేవాడే కదా, కాపీరైటుకు ప్రత్యేకంగా లాయరెందుకు?" అని అడుగుతున్నారు. అసలు ఆ పని ఎలా ఉంటుంది?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మీ నాన్నగారి సందేహం సహజమైనదే. మన జిల్లా కోర్టుల్లో కనిపించే ప్రభుత్వ ప్లీడరు వేరు, మీరు కోరుకుంటున్న ఉద్యోగం వేరు. కాపీరైటు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 49వ అంశం కింద ఉంది కాబట్టి దాని మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. భువనేశ్వర్‌లోనో అమరావతిలోనో ఈ పని జరగదు. 2016 వరకు కాపీరైటు వ్యవహారాలను మానవ వనరుల మంత్రిత్వ శాఖ చూసేది. ఆ సంవత్సరం అవి వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖలోని విభాగానికి మారాయి. దాన్నే ఇప్పుడు డీపీఐఐటీ (పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం) అంటున్నారు. చదువు, సంస్కృతి చూసే శాఖ నుంచి పరిశ్రమలు చూసే శాఖకు ఒక విషయం మారినప్పుడు దస్త్రంలో మొదట వేసుకునే ప్రశ్న కూడా మారే ప్రమాదం ఉంటుందని నా అభిప్రాయం. అందుకే అక్కడ కూర్చునే న్యాయవాది చూపు ఎటువైపు ఉందన్నది ముఖ్యమవుతుంది.

విధానం ఆ విభాగానిది. ముసాయిదాను చట్టం భాషలో పెట్టే పని న్యాయ మంత్రిత్వ శాఖలోని శాసన విభాగానిది. అదే మంత్రిత్వ శాఖలోని న్యాయ వ్యవహారాల విభాగం సలహా ఇస్తుంది. ఒప్పందం మాట వస్తే విదేశాంగ శాఖలోని న్యాయ, ఒప్పందాల విభాగం కూడా చేరుతుంది. ఇన్ని బల్లల మీదుగా ఒకే వాక్యం తిరుగుతుంది. ప్రతి బల్ల దగ్గరా ఒక న్యాయవాది ఆ వాక్యాన్ని చదివి, ఇది రాజ్యాంగానికి సరిపోతుందా, మనం సంతకం చేసిన ఒప్పందాలకు విరుద్ధమా, రేపు కోర్టులో దీన్ని ఎలా చదువుతారు అని నోటు రాయాలి.

ఈ పని విలువ మీకు ఒక ఉదాహరణతో చెబుతాను. 2010 ఏప్రిల్‌లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన కాపీరైటు సవరణ బిల్లులో వికలాంగుల కోసం ఒక మినహాయింపు ఉంది. చూపు, వినికిడి లోపం వంటివి ఉన్నవారి వాడకానికి మాత్రమే ప్రత్యేకంగా రూపొందించిన రూపంలో పుస్తకాన్ని తయారుచేస్తే హక్కుదారు అనుమతి అక్కరలేదని దాని సారాంశం. చదవడానికి దయగల వాక్యంలాగే ఉంటుంది. కానీ బ్రెయిలీ వంటివి తప్ప మరేవీ ఆ మాటల్లో ఇమడవు. కంప్యూటరు తెర మీది అక్షరాలను గొంతుతో వినిపించే సాఫ్ట్‌వేరుకు కావలసింది మామూలు ఎలక్ట్రానిక్ ప్రతి. ఆడియో పుస్తకం, పెద్ద అక్షరాల ముద్రణ కూడా చూపున్నవారికీ పనికొస్తాయి కాబట్టి అవి వికలాంగుల కోసం మాత్రమే రూపొందించినవి కావు. అంటే, బ్రెయిలీ రాని చూపులేని పాఠకుడికి ఆ మినహాయింపు వల్ల ఒక్క పేజీ కూడా దక్కేది కాదు. వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది. చివరికి 2012లో చట్టమైన పాఠంలో "అందుబాటులో ఉండే ఏ రూపంలోనైనా" అనే అర్థం వచ్చే మాట చేరింది. అది నేటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌లోని జెడ్‌బీ క్లాజు.

అక్కడితో కథ అయిపోలేదు. 2013 జూన్ 27న మొరాకోలోని మరాకేష్‌లో, జెనీవా కేంద్రంగా పనిచేసే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఆధ్వర్యంలో, చూపులేనివారికి పుస్తకాలు అందేందుకు ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే; 2014 జూన్‌లో పత్రం దాఖలు చేశాం. ఇంటి చట్టాన్ని ముందే సరిచేసుకున్నాం కాబట్టి అది అంత త్వరగా సాధ్యమైంది. 20 దేశాలు చేరాక, 2016 సెప్టెంబరు 30న అది అమల్లోకి వచ్చింది. ఒక దేశంలో తయారైన ఆడియో ప్రతిని మరో దేశంలోని పాఠకుడికి చట్టబద్ధంగా పంపే దారి దాని వల్ల తెరుచుకుంది. దేశీయ విధానం, అంతర్జాతీయ విధానం రెండు వేరు ఉద్యోగాలు కావని మీకు ఇందులో కనిపిస్తుంది. ఢిల్లీలో రాసిన క్లాజే జెనీవాలో మన మాటకు బలం.

జెనీవా పని గురించి కూడా కొంత చెప్పాలి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో కాపీరైటుకు ఒక స్థాయీ సంఘం ఉంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టి గెలవడం కంటే అందరూ ఒప్పుకొనేదాకా పాఠాన్ని చెక్కడమే ఆనవాయితీ కాబట్టి, ఒక అంశం ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రసార సంస్థల రక్షణ ఒప్పందం 1990ల చివరి నుంచీ ఆ బల్ల మీదే ఉంది. మన దేశం చాలాకాలంగా అంటున్నది, రక్షణ ప్రసార సంకేతానికి (సిగ్నల్‌కు) ఉండాలి, అందులోని విషయానికి కాదు అని. తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ, పర్లాకిమిడిలో డిష్ పెట్టుకుని తెలుగు ఛానెళ్లు చూసే మీ ఇంటికి వర్తింపజేసి చూడండి. సంకేతాన్ని దొంగిలించి అమ్ముకునేవాణ్ణి ఆపడం ఒకటి. కాపీరైటు గడువు తీరిపోయిన పాత నాటకం ప్రసారమైనందుకు దాని మీద ప్రసార సంస్థకు కొత్తగా ఒక హక్కు పుట్టడం మరొకటి. రెండోది జరిగితే ప్రజల సొమ్మయిపోయిన రచనకు మళ్లీ తాళం పడుతుంది. మన చట్టంలోని 37వ సెక్షన్ ప్రసార సంస్థలకు ఇప్పటికే 25 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇస్తోంది కాబట్టి, బయట ఏ మాట ఒప్పుకున్నా ఇంట్లో దాని పర్యవసానం ఏమిటో ప్రభుత్వ న్యాయవాది అప్పటికప్పుడు పోల్చి చెప్పగలగాలి. మన ప్రతినిధి బృందం నాయకుడు నోరు తెరిచేలోపు ఆ చీటీ ఆయన చేతిలో ఉండాలి.

ప్రశ్న: నేను జయపురంలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. కొన్ని ఒడియా కథలను తెలుగులోకి తెచ్చాను. ఒక రచయిత చనిపోయి చాలా ఏళ్లయింది, వారసులెవరో తెలియడం లేదు. జిల్లా కలెక్టరు అనుమతి ఇవ్వగలరా? లేక రాష్ట్ర ప్రభుత్వమా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మాస్టారూ, ఇద్దరూ ఇవ్వలేరు. ముందు లెక్క చూడండి. రచయిత జీవితకాలం, ఆ తరువాత చనిపోయిన సంవత్సరం దాటిన 60 ఏళ్లు మన దేశంలో సాహిత్య రచనలకు రక్షణ. ఈ లెక్క ప్రకారం, పర్లాకిమిడిలో ఉంటూ సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1940లో కాలం చేశారు కాబట్టి ఆయన రచనల మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. వాటిని ఎవరైనా అచ్చువేయవచ్చు. మీ రచయిత గడువు కూడా తీరి ఉంటే ఎవరినీ అడగనక్కరలేదు.

తీరకపోతే 32వ సెక్షన్ ఉంది. మూల రచన తొలిసారి వెలువడి ఏడేళ్లు గడిచినా తెలుగులో దాని అనువాదాన్ని హక్కుదారు గానీ ఆయన అనుమతితో మరొకరు గానీ ప్రచురించకపోతే, లేదా ప్రచురించినది దొరకకుండా పోతే, రాయల్టీ చెల్లించే షరతుతో అనువాద లైసెన్సు కోరవచ్చు. హక్కుదారు దొరకనప్పుడు పుస్తకం మీద పేరున్న ప్రచురణకర్తకు మీ అభ్యర్థన ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో పంపి, కనీసం రెండు నెలలు ఆగాలి. ఆ రసీదును పోగొట్టుకోకండి. ఈ దరఖాస్తులు ఒకప్పుడు కాపీరైటు బోర్డు చూసేది, తరువాత అప్పీళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్ళాయి. 2021లో ఆ ట్రిబ్యునల్ రద్దయ్యాక అధికారం న్యాయస్థానాలకు వచ్చింది. ఒక రిటైరైన ఉపాధ్యాయుడు చిన్న కథల పుస్తకం కోసం కోర్టు దాకా వెళ్లవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది. మంచి సెక్షన్ ఉన్నా దాని గుమ్మం ఎత్తు పెరిగింది. దీన్ని విధానపరంగా సరిచేయాలని అడిగే హక్కు మీకుంది, మీ ఉత్తరమే అందుకు ఒక ఆధారం.

మొదటి ప్రశ్న అడిగిన విద్యార్థిని కూడా ఇది వినాలి. అనువాద లైసెన్సు అనే ఆలోచన వెనుక పెద్ద అంతర్జాతీయ పెనుగులాట ఉంది. కాపీరైటు మీద కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, 1886 నాటి బెర్న్ ఒప్పందంలో భారతదేశం 1928 నుంచీ సభ్య దేశం. స్వాతంత్ర్యం వచ్చాక, పాఠ్యపుస్తకాలు అందుబాటు ధరకు దొరకని దేశాల తరఫున 1967లో స్టాక్‌హోమ్‌లో మనవాళ్ళు గట్టిగా నిలబడ్డారు. అక్కడ రాసిన ప్రత్యేక ప్రోటోకాల్‌ను సంపన్న దేశాలు ఒప్పుకోలేదు. దాని బదులు 1971లో పారిస్‌లో కుదిరిన రాజీ అనుబంధమే, విదేశీ రచనలను బోధన, అధ్యయనం, పరిశోధనల కోసం మూడేళ్ల తరువాత, అభివృద్ధి చెందిన దేశాల్లో సాధారణ వాడుకలో లేని భాషల్లోకైతే ఏడాది తరువాత, అనువదించుకునేందుకు లైసెన్సు కోరే వెసులుబాటు ఇచ్చింది. తెలుగు, ఒడియా రెండూ ఆ రెండో కోవలోకే వస్తాయి. ఎక్కడో పారిస్‌లో ఆ షరతు రాయించినవాళ్ళకు మన భాషలు గుర్తున్నాయి.

ప్రశ్న: మా ఊరి సవర పాటలను బయటివాళ్ళు వచ్చి రికార్డు చేసుకుపోతున్నారు. గోడల మీద వేసే బొమ్మలను చీరల మీద అచ్చువేస్తున్నారు. కాపీరైటు మాకు రాదా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: ఉన్న చట్టం మీకు ఇచ్చేది తక్కువ. కాపీరైటు ఒక రచయితను, ఒక గడువును వెతుకుతుంది. తరతరాల పాటకు ఆ రెండూ ఉండవు. రికార్డింగు చేసినవారికి ఆ రికార్డింగు మీద 60 ఏళ్ల హక్కు వస్తుంది. పాడిన మనిషికి మాత్రం ప్రదర్శకుల హక్కు ఉంది, దాని కాలం 50 ఏళ్లు. కాబట్టి మీ ఊళ్లో పాడేవారి చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందు, అందులో ఏ హక్కు ఇచ్చేస్తున్నారో తెలుగులోనో సవరలోనో చదివి వినిపించమని అడగండి. పేరు ప్రకటించమని కోరే నైతిక హక్కు కూడా 2012 నుంచి ప్రదర్శకులకు ఉంది.

అంతర్జాతీయంగా చూస్తే, 1967లో బెర్న్ ఒప్పందంలో చేర్చిన ఒక నిబంధన, రచయిత తెలియని అముద్రిత రచనల తరఫున ఒక ప్రభుత్వ అధికార సంస్థ నిలబడే వీలు కల్పించింది. అది జానపద సాహిత్యాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. అయితే "ఎవరు కట్టారో తెలియని పాట", "ఊరంతా కట్టుకున్న పాట" ఒకటి కావు. మొదటిదానికి రచయిత తప్పిపోయాడు, రెండోదానికి రచయిత మీ ఎదురుగానే ఉన్నాడు. ఈ తేడాను చట్టంగా మార్చడానికి ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో 2000లో ఒక అంతర ప్రభుత్వ సంఘం ఏర్పడింది. అది నడిపిన చర్చల నుంచి 2024 మే 24న ఒక ఒప్పందం వచ్చింది గానీ, అది మొక్కలు, విత్తనాల వంటి జన్యు వనరులకూ వాటితో ముడిపడ్డ సంప్రదాయ జ్ఞానానికీ, అదీ పేటెంటు దరఖాస్తుల వరకే పరిమితం. పాటలు, బొమ్మల సంగతి ఇంకా చర్చల్లోనే ఉంది. ఆ బల్ల దగ్గర మన తరఫున కూర్చునే న్యాయవాది ఒక్కసారైనా గజపతి కొండల్లో ఒక రాత్రి గడిపి ఉంటే, వాదించే మాటల్లో తేడా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మాది జిరాక్స్ షాపు. గెజిట్లు, కోర్టు తీర్పులు కాపీ చేసి అమ్మవచ్చా?
– ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: గెజిట్‌లో అచ్చయిన చట్టాలు తప్ప మిగతా గెజిట్ విషయాలు, కోర్టు తీర్పులు చేయవచ్చు, తీర్పును ప్రచురించరాదని కోర్టే చెబితే తప్ప; చట్టాలనైతే వ్యాఖ్యానంతోనో మరో సొంత రాతతోనో కలిపి వేయాలి. ప్రభుత్వం వేసే మిగతా పుస్తకాలకు మాత్రం ప్రభుత్వమే హక్కుదారు, వాటి గడువు ప్రచురించిన సంవత్సరం దాటాక 60 ఏళ్లు. ప్రైవేటు ప్రచురణకర్త తీర్పుకు జోడించిన వ్యాఖ్యలు, సారాంశాలు వేరు సంగతి, వాటి జోలికి వెళ్లకండి.

ప్రశ్న: ఇలాంటి ఉద్యోగానికి ఎలా సిద్ధపడాలి? సరిహద్దు ప్రాంతం నుంచి వెళ్లేవాళ్ళకు భాష అడ్డం కాదా?
– మరో విద్యార్థి, రాయగడ

జవాబు: కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలో 1957 నుంచి ఇండియన్ లీగల్ సర్వీస్ అనే ప్రత్యేక సర్వీసు ఉంది. అందులోని పోస్టులకు యూపీఎస్‌సీ ప్రకటనలు ఇస్తుంది. వాటిలో న్యాయవాద అనుభవం అడుగుతారు కాబట్టి పట్టా రాగానే ఢిల్లీ రైలెక్కకుండా కొన్నేళ్లు కోర్టులో గడపండి. సివిల్ దావా ఎలా నడుస్తుందో తెలియనివాడు రాసిన సెక్షన్ కోర్టులో నిలబడదు. ఈలోగా ఏదైనా చట్టసవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టినప్పుడు చదివి, రెండు పేజీల్లో మీ అభ్యంతరం రాసి పంపండి. ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. ప్రస్తుతం కృత్రిమ మేధ సంస్థలు రచనలను అనుమతి లేకుండా వాడుకోవడం మీద చర్చ నడుస్తోంది. 2024 నవంబరులో ఒక వార్తా సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, 2025లో డీపీఐఐటీ ఒక కమిటీని వేసింది. చిన్న భాషల రచయితలకు అందులో ఏం దక్కుతుందో లెక్కవేసి చెప్పేవాళ్ళు కావాలి.

ఇక భాష. 1973 నాటి ఒక చట్టం ప్రకారం, కేంద్ర చట్టాలకు రాష్ట్రపతి ఆధ్వర్యంలో గెజిట్‌లో వెలువడే ప్రాంతీయ భాషల అనువాదాలకు అధికారిక పాఠం హోదా ఉంది. ఒకే సెక్షన్‌ను తెలుగులోనూ ఒడియాలోనూ చదివి, రెండింటిలో అర్థం ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపగలిగేవారు ఢిల్లీలో ఎంతమంది ఉంటారు? మీకది ఇంట్లో వచ్చిన చదువు. ఈ వారమే మొదలుపెట్టండి. కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ తీసుకుని, అందులో ఒక్క క్లాజును రెండు భాషల్లోనూ మీరే రాయండి. తరువాత చట్టం చదవని ఒక తెలుగు మనిషికి, ఒక ఒడియా మనిషికి విడివిడిగా వినిపించి, ఏం అర్థమైందో అడగండి. ఇద్దరూ వేరు వేరు సంగతులు చెబితే, ఏ మాట దగ్గర దారి చీలిందో రాసి నాకు పంపండి. చదివి జవాబిస్తాను.